బండ పగుళ్లే గీసిన పార్కు

పార్కు అనగానే మనవాళ్లు ముందు నేలను చదును చేస్తారు. గుండ్లు పగలగొట్టి, ఎర్రమట్టి తోలి, లాన్ పరుస్తారు. జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట పక్కనున్న రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్క్‌లో అలాంటిదేమీ చేయలేదు. సుమారు 70 హెక్టార్ల రాళ్ల నేలను రాళ్ల నేలగానే ఉంచారు.

అక్కడ మట్టి బహు తక్కువ. ఉన్నదంతా రయొలైట్, కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కగా గట్టిపడిన శిల. వానలూ అంతంతమాత్రమే. అయినా అలాంటి బండల మీదే బతకగల మొక్కలు థార్ ఎడారిలో చాలా ఉన్నాయి. వాటి చోటును సర్కారు తుమ్మ ఆక్రమించింది. మన చెరువు గట్ల మీదా బీళ్లలోనూ కనిపించే ఆ చెట్టే. అక్కడ దాన్ని బావళియా అంటారు. 1930ల్లో మహారాజు దాని విత్తనాలను విమానం నుంచి చల్లించారని చెప్పుకుంటారు.

2006లో పర్యావరణవేత్త ప్రదీప్ కృషెన్ ఆధ్వర్యంలో, ఆ తుమ్మను తీసేసి ఎడారి మొక్కలను మళ్లీ పెంచే పని మొదలైంది. సర్కారు తుమ్మను నరికితే చాలదు. చిగురించే మొగ్గలు నేల లోపల, వేరు మొదట్లో ఉంటాయి. అక్కడిదాకా తవ్వి తీయకపోతే మళ్లీ మొలుస్తుంది. మట్టిలోనైతే పలుగూ పారా సరిపోతాయి. ఇక్కడ వేర్లు బండ సందుల్లోకి దిగిపోయాయి. దారి చూపింది ఖండ్‌వాలియాలు, తరతరాలుగా రాయి కొట్టే పనివాళ్లు. సుత్తితో బండను తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల పగులు ఎటు పోతోందో పట్టేస్తారు. అటే ఉలి దింపి వేరును పెకలించారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది దీని తర్వాతి సంగతి. వేరు తీసిన గుంతల్లోనే మట్టి నింపి ఎడారి మొక్కలు నాటారు. బండ మీద పడిన వాన జారి చేరేది పగుళ్లలోకే, కాస్తో కూస్తో మట్టి నిలిచేదీ వాటిలోనే. తుమ్మ బతికిన చోట ఇంకో మొక్కా బతుకుతుంది. ఏ మొక్క ఎక్కడుండాలో ఆ రాయే చెప్పింది. హైదరాబాద్ గ్రానైట్ గుట్టల దగ్గర పార్కు తలపెట్టేవాళ్లు కూడా ఒక్క వానాకాలం ఆగి, నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తే ఎంత బాగుంటుందో!

2011లో పార్కును తెరిచారు. కోట చెరువులకు వాన నీళ్లు చేర్చడానికి పూర్వం బండను తొలిచి చేసిన కాలువ ఒకటి అక్కడ ఉంది. నడక దారి ఆ కాలువ లోంచే సాగుతుంది. వానలు పడగానే థోర్ అనే జెముడు ఆకులు తొడుగుతుంది. ఎండలు ముదిరేసరికి మళ్లీ మోడై, ముళ్లతో నిలబడుతుంది.