మూత లోపలి గులాబి

ముక్కుపొడుం అనగానే మనకు తాతగారు రొంటిన దోపుకునే చిన్న రేకు డబ్బా గుర్తొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ దొరలు అదే పొడుం కోసం పింగాణీ డబ్బాలు చేయించుకున్నారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ డబ్బాలను సేకరించాలనుకునేవారికి నా మొదటి మాట ఇది: పైబొమ్మ దగ్గరే ఆగిపోకండి, మూత తెరవండి. ఒక పట్టు పొడుం తీసుకోమని పక్కవారి ముందుకు డబ్బా చాపితే కనబడేది మూత లోపలి బొమ్మే. అందుకే చిత్రకారుడు చాలాసార్లు తన పనితనమంతా అక్కడ చూపించాడు. జేబు రాపిడి తగలదు కాబట్టి ఆ రంగులు నేటికీ నిగనిగలాడుతుంటాయి.

ఆ బొమ్మలో దొరసాని గౌను గులాబి రంగులో ఉంటే, అది చాలావరకు బంగారమే. రాజద్రావకమనే ఆమ్లాల మిశ్రమంలో కరిగించిన బంగారానికి తగరపు లవణం కలిపితే ఊదారంగు మడ్డి దిగుతుంది. దీన్నే కాసియస్ ఊదా అంటారు. అందులోని బంగారు రేణువులు ఎంత సూక్ష్మమంటే, అవి ఆకుపచ్చ కాంతిని మింగేసి ఎరుపును వదిలేస్తాయి. పసుపుపచ్చని లోహం గులాబిగా కనబడేది అందుకే. ఈ గుట్టు విప్పిన రిచర్డ్ జిగ్మాండీకి 1925 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఈ కథలో నన్ను కదిలించే మనిషి మాత్రం బోట్‌గర్. బంగారం చేస్తానన్న ఆ యువకుణ్ణి జర్మనీలోని శాక్సనీ పాలకుడు అగస్టస్ నిర్బంధంలో పెట్టాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడి తోడ్పాటుతో 1708 నాటికి తెల్లని గట్టి పింగాణీ వచ్చింది. 1710లో మైసెన్ పింగాణీ కర్మాగారం వెలిసింది. 1720లో హెరోల్ట్ అనే చిత్రకారుడు అక్కడికి చేరాక రంగుల వరస విస్తరించింది.

పింగాణీని కాల్చడానికి దాదాపు 1,400 డిగ్రీల వేడి కావాలి. గులాబి ఆ మంటకు నిలవదు. అందుకే ముందు డబ్బాను కాల్చి, గాజుపొడితో నూరిన రంగులతో బొమ్మ వేసి, సుమారు 800 డిగ్రీల దగ్గర మళ్లీ కాలుస్తారు. రంగు గాజుపూత మీద పలుచని పొరలా అతుక్కుంటుంది. డబ్బాను దీపం వైపు ఏటవాలుగా పట్టుకుంటే ఆ పొర అంచు కనబడుతుంది, వేలికొసకు సన్నగా తగులుతుంది. ఫ్రాన్స్‌లోని మెనెసీ, షాంటియీల మెత్తని పింగాణీలో, అంటే తక్కువ వేడికే కాలే రకంలో అయితే రంగు పూతలోకి ఇంకి, అంచులు కరిగినట్టుంటాయి.

కొనేటప్పుడు అడుగున ఉన్న మైసెన్ వారి రెండు కత్తుల గుర్తును మాత్రం నమ్ముకోకండి. ఆ గుర్తు ఎవరైనా వేయగలరు. అసలైన మైసెన్ డబ్బాల్లోనూ గుర్తు లేనివి ఉన్నాయి. 1845లో పారిస్‌లో మొదలైన సామ్సన్ సంస్థ పాత పింగాణీకి దీటైన నకళ్లు చేసింది. అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడండి, తర్వాత అతికి రంగేసిన చోట్లు తరచూ వేరే వెలుగుతో బయటపడతాయి.

మూత పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి, బరువంతా ఆ సన్నని లోహపు బందు మీద పడుతుంది. బందు సందులో గోధుమరంగు పొడి కాస్త మిగిలి ఉంటే కడిగేయకండి, అలాగే ఉండనివ్వండి.