మా నాయన రేడియోకు ప్లగ్గు పెట్టే ముందు

చిరంజీవులకు మీ జేజి ఆశీస్సులు.

వేసవి సెలవులకు కడప వస్తున్నారని, రాగానే మా నాయన వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు గొట్టాలతో పనిచేసేది) పెట్టి వినాలని తొందరపడుతున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పినాడు. అది మీకే ఇస్తాను. మా తర్వాత దాన్ని చూసుకునేవాళ్లు ఉన్నారంటే నాకు ఎంత సంతోషమో! కానీ నేను చెప్పేదాకా ప్లగ్గు మాత్రం పెట్టొద్దు. ఎందుకో రాస్తాను, వచ్చేలోపు చదవండి.

దాని లోపల కండెన్సర్లు, అంటే ఛార్జిని నిల్వ ఉంచే భాగాలు ఉంటాయి. మీ పుస్తకాల్లో కెపాసిటర్లు అని ఉంటుంది. వాటిలో పెద్ద డబ్బాల్లాంటివి ఎలక్ట్రోలిటిక్ రకం. లోపల అల్యూమినియం రేకు, దాని మీద చాలా పల్చటి ఆక్సైడు పొర, చుట్టూ తడి రసాయనం. కరెంటును ఆపేది ఆ పొరే. సెట్టు ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే పొర దెబ్బతింటుంది, తడి ఆరిపోతుంది. అలాంటిదాని మీద ఒక్కసారిగా 250 వోల్టులు పడితే షార్టయి, వేడెక్కి పగలొచ్చు. దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోవచ్చు. కండెన్సరైతే కొనుక్కుంటాం. ఆ సెట్టుకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మరు షాపులో దొరకదు, మళ్లీ చుట్టించాల్సిందే.

అందుకే మెకానిక్కులు సిరీస్ బల్బు వాడతారు. 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు గుండా సెట్టుకు కరెంటు పంపుతారు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తి వెలుగుతో మండుతుంది, సెట్టుకు దెబ్బ తగలదు. మొదట వెలిగి, మెల్లగా మందగిస్తే కాస్త నిబ్బరంగా ఉండొచ్చు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.

ఇంకో సంగతి, ఇది ఆజ్ఞ అనుకోండి. ప్లగ్గు తీసేసినా కండెన్సర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది, చెయ్యి పెడితే గట్టిగా కొడుతుంది. కొన్ని పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, లోపలి ఇనుప చట్రం నేరుగా కరెంటు లైనుకు కలిసి ఉంటుంది. మనది అలాంటిది కాదు. అయినా వెనక అట్ట విప్పేటప్పుడు పక్కన మెకానిక్కు ఉండాలి, నేనూ ఉంటాను.

ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి అనేది నాకు చాలా ముఖ్యం. వయసుతో చచ్చిపోయినవే మారుద్దాం. ఎలక్ట్రోలిటిక్‌లు, కాగితం కండెన్సర్లు ఎలాగూ పోయుంటాయి. వాల్వులు అంత త్వరగా పోవు, పరీక్షించకుండా పారేయకూడదు. వాల్యూం తిప్పితే గరగరమంటే అది దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలావరకు పోతుంది. పెట్టెకు కొత్త వార్నిష్ వద్దు, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టించుకున్నవాళ్లను చూశాను. పైకి బాగానే ఉంటుంది, కానీ మా నాయన విన్నది ఆ గొంతును కాదు. ఆ వాల్వులు వేడెక్కడానికి పట్టే కాసేపు మీరూ ఎదురుచూడాలని నా కోరిక. తీసేసిన భాగాలన్నీ ఒక డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి సెట్టుతోపాటే ఉంచుదాం.

రికార్డు ప్లేయరు వేరేగా ఉంది. దానికి సొంత స్పీకరు లేదు, రేడియో వెనక పికప్ రంధ్రాలకు తగిలించాలి. లోపల ప్లేటును తిప్పే రబ్బరు చక్రం గట్టిపడి ఉంటుంది, మోటారు దగ్గర గ్రీజు మైనంలా బిగుసుకుని ఉంటుంది. పాత గ్రీజు తుడిచేసి పల్చటి మిషను నూనె వేద్దాం. స్పీడు సరిచూడడానికి యంత్రం అక్కర్లేదు. ప్లేటు అంచున కాగితం ముక్క అంటించి లెక్కపెట్టండి. ఎల్పీ స్పీడులో (నిమిషానికి 33⅓ చుట్లు) మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు రావాలి. ప్లేయరు కింద వేయడానికి కడప నల్లబండ ముక్క కోయించి పెట్టాను. అంత బరువున్న రాయి స్పీకరు అదురును రికార్డు మీద నడిచే ముల్లుదాకా అంతగా రానివ్వదు. మన ఊరి రాయి ఉండగా ఇంకేదో కొనడమెందుకు!

రికార్డుల్లో 78వి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతవి, లక్కతో చేసినవి. వాటిని స్పిరిట్‌తో అస్సలు తుడవొద్దు, లక్క కరిగిపోతుంది. వాటి గాడి ఎల్పీ గాడికంటే వెడల్పు, కాబట్టి ముల్లు కూడా వేరే. ప్లేయరు చేతి చివర చిన్న మీట ఉంది, రికార్డును బట్టి దాన్ని తిప్పాలి. కడప మే నెల ఎండ తెలుసు కదా, ఏ రికార్డూ కారులో వదలొద్దు, వంకరపోతుంది. ఎప్పుడూ నిలువుగానే పెట్టాలి.

ఇక రేడియో డయల్ చూసి కంగారుపడొద్దు. మీటర్లలో ఉంటుంది. 3,00,000ను కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 1963లో మొదలైన మన ఆకాశవాణి కడప కేంద్రానిది 900 కిలోహెర్ట్జ్. డయల్ ముల్లు ఎక్కడ నిలపాలో లెక్కకట్టుకుని రండి. చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు కూడా వినిపిస్తాయి. పగలు మీడియం వేవ్ తరంగాలను మింగేసే గాలిపొర రాత్రికి పలచబడుతుంది, అప్పుడవి ఇంకా పైనున్న పొరకు తగిలి వెనక్కి వస్తాయి. సొరుగులో లైసెన్సు పుస్తకం కూడా ఉంది. అప్పట్లో రేడియో ఉంటే ప్రతి ఏడూ పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. మా నాయన ఒక్క ఏడు కూడా తప్పలేదు.

వచ్చేటప్పుడు హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీకి మీ నాన్నను తీసుకెళ్లి 450 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌లు తెండి. పాతవాటి మీద 32 మైక్రోఫారడ్ (ఎంత ఛార్జి నిల్వ ఉంచగలదో చెప్పే కొలత) అని ఉంది, 33 దొరుకుతుంది, అది సరిపోతుంది. షాపువాడు ఇంకా పెద్దది మంచిదని 100 ఇస్తే తీసుకోవద్దు, ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు మీద ఒత్తిడి పడుతుంది. వోల్టులు మాత్రం 450కి తగ్గకూడదు. ఒక మల్టీమీటరు కూడా తెండి, నా దగ్గరున్నదాని తీగలు తెగిపోయాయి.

ఇట్లు,
మీ జేజి