రోడ్ రాష్ తర్వాత ఆ రోడ్డు ఎందుకు బోసిపోయింది?

బైకు నడుపుతూనే పక్కవాణ్ణి గొలుసుతో బాదే రేసింగ్ గేములు చిన్న స్టూడియోల నుంచి ఇప్పటికీ అడపాదడపా వస్తున్నాయి. ఏది వచ్చినా ఆడేవాళ్లు దాన్ని పోల్చేది, కొట్లాటను బైకు రేసుతో కలిపిన పాత వీడియో గేమ్ రోడ్ రాష్‌తోనే. ఆ పేరుతో చివరి గేమ్ వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఆ పోలిక ఎందుకు పోలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1985లో సెగా సంస్థ కోసం యు సుజుకి రూపొందించిన హ్యాంగ్-ఆన్ అనే గేమ్ బైకు రేసును ఆర్కేడ్‌లలో, అంటే నాణెం వేసి ఆడే గేమ్ సెంటర్లలో, పెద్ద హిట్ చేసింది. బైకు ఆకారంలో ఉన్న యంత్రం మీద కూర్చుని, మలుపు వచ్చినప్పుడు ఒళ్లంతా వంచాలి. కానీ అందులో మిగతా రైడర్లు తప్పించుకుని పోవాల్సిన అడ్డంకులు మాత్రమే. వాళ్లతో తగువు పెట్టుకునే వీలు లేదు.

ఆ తగువును తెచ్చింది 1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికన్ గేమ్ సంస్థ. అప్పటికి ఆ సంస్థ టీవీకి తగిలించి ఆడే సెగా జెనెసిస్ కన్సోల్ లోపలి పనితీరును సొంతంగా ఛేదించి, ఆ బలంతో 1990లో సెగా నుంచి తనకు అనుకూలమైన లైసెన్సు ఒప్పందం సాధించుకుంది. దాంతో ఆ కన్సోల్ మీద గట్టిగా దృష్టి పెట్టింది. డాన్ గైస్లర్, రాండీ బ్రీన్ తదితరులు చేసిన రోడ్ రాష్ అప్పుడే వచ్చింది.

జెనెసిస్‌లో బొమ్మను దగ్గరకొచ్చే కొద్దీ పెద్దది చేసే హార్డ్‌వేర్ లేదు. ఆ పని సాఫ్ట్‌వేర్‌తోనే లాగించాలి, పైగా రోడ్డు ఎత్తుపల్లాలతో సాగాలి. అందుకే కదలిక అంత సాఫీగా ఉండదు. అయితే పక్కపక్కనే సమాన వేగంతో వెళ్తున్న రెండు బైకుల మధ్య గొడవకు అది పెద్ద అడ్డు కాలేదు. రోడ్డు ఎంత వేగంగా వెనక్కి పోతున్నా పక్కవాడు చేతికందేంత దూరంలోనే ఉంటాడు. వాడు కర్ర ఎత్తిన క్షణంలోనే మనం చెయ్యి విసిరితే ఆ కర్ర మన చేతికొస్తుంది. ఎదురుగా కారు వస్తున్నప్పుడు కాలితో ఒక్క తన్ను తంతే వాడి పని అయిపోతుంది. ఆ తూకం ఇప్పుడు ఆడినా పాతబడినట్టు అనిపించదు.

అయితే నా దృష్టిలో అసలు ప్రాణం డబ్బు లెక్కలో ఉంది. కాలిఫోర్నియాలోని ఐదు రోడ్లు, ఒక్కోదానిలో మొదటి నలుగురిలో నిలవాలి. గెలిచిన సొమ్ముతో మెరుగైన బైకు కొనుక్కోవచ్చు. కిందపడితే రైడర్ లేచి, తన బైకు ఎక్కడ పడిందో అక్కడికి కాళ్లీడ్చుకుంటూ పరుగెత్తాలి. ఈలోగా మిగతావాళ్లు దాటిపోతుంటారు. బైకు పూర్తిగా పాడైతే రిపేరు బిల్లు, పోలీసుకు దొరికితే జరిమానా. కట్టే డబ్బు లేకపోతే ఆట ముగిసినట్టే. ప్రతి దెబ్బ వెనుకా ఒక ఖర్చు ఉండబట్టే కొట్టాలా, వదిలేసి ముందుకు పోవాలా అన్న ఆలోచన పుడుతుంది.

1992లో వచ్చిన రెండో భాగం గొలుసును, ఒక్కసారిగా వేగం పెంచే నైట్రోను, ఇద్దరు ఒకేసారి ఆడే స్ప్లిట్ స్క్రీన్‌ను చేర్చింది. 1995 నాటి మూడో భాగంలో ఆయుధాల జాబితా పెరిగిపోయింది.

ఈ మధ్యలో పెద్ద మలుపు 1994లో వచ్చింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వ్యవస్థాపకుడు ట్రిప్ హాకిన్స్ బయట మొదలుపెట్టిన 3డీఓ కంపెనీ రూపొందించిన కన్సోల్ 1993లో 699 డాలర్ల ధరతో మార్కెట్‌లోకి వచ్చింది. దాని కోసం రోడ్ రాష్‌ను కొత్తగా చేశారు. సీడీ మీద చోటు ఎక్కువ కాబట్టి వీడియోలు, సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మాగ్నెట్ వంటి రాక్ బృందాల అసలు పాటలు చేరాయి. తర్వాత ప్లేస్టేషన్‌కూ, 1996లో విండోస్ 95కూ చేరింది ఈ రూపమే. చాలామందికి రోడ్ రాష్ అంటే గుర్తొచ్చేది కూడా ఇదే.

ఆ తర్వాత తడబాటు మొదలైంది. 1998లో వచ్చిన రోడ్ రాష్ 3డీలో రేసుకు ప్రాధాన్యం పెరిగి కొట్లాట పక్కకు పోయిందని విమర్శకులు ఎత్తిచూపారు. ఆ మాట నిజమే. రోడ్డు వెడల్పయి వేగం పెరిగాక పక్కవాణ్ణి అందుకోవడమే కష్టమైంది. 1999లో నింటెండో 64 కన్సోల్ కోసం టీహెచ్‌క్యూ అనే మరో ప్రచురణ సంస్థ వేరే స్టూడియోతో ఒక రోడ్ రాష్ చేయించింది. 2000లో ప్లేస్టేషన్ మీద రోడ్ రాష్: జైల్‌బ్రేక్ వచ్చింది, 2003లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్‌కూ వెళ్లింది. అక్కడితో సరి.

పేరు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దగ్గరే ఉండిపోవడంతో అభిమానులు వేరే దారి చూసుకున్నారు. 2013లో రోడ్ రిడెంప్షన్ అనే ప్రాజెక్టు కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు కూడగట్టి, 2017లో పూర్తి గేమ్‌గా బయటికొచ్చింది. అందులో కత్తులున్నాయి, తుపాకులున్నాయి, మేడల పైకప్పుల మీద పరుగులున్నాయి. వాటికంటే నాకు ముఖ్యంగా కనిపించేది మరొకటి: చనిపోతే ప్రయాణం మళ్లీ మొదటి నుంచి, ఆటలో సంపాదించిన అనుభవ పాయింట్లతో కొన్న మెరుగులు మాత్రం మిగులుతాయి. ఈ పద్ధతి విసుగు తెప్పిస్తుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. పాత ఆటలో రిపేరు బిల్లు చేసిన పనే ఇక్కడ ఈ నియమం చేస్తోంది.