ఓపెన్ స్పేస్ చార్జి కట్టినా పార్కు స్థలం మీది కాదు: అపోహలు - వాస్తవాలు

లేఅవుట్ ప్లాన్లు గీయడం నా వృత్తి. ఎల్‌ఆర్‌ఎస్ (తెలంగాణలో అనుమతి లేని ప్లాట్లను, లేఅవుట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం) ఊసు వచ్చినప్పుడల్లా నల్లగొండ చుట్టుపక్కల నుంచి ఒకే ప్రశ్న: "ఓపెన్ స్పేస్ చార్జి కడితే పార్కు జాగాలో కొన్న ప్లాటు కూడా క్రమబద్ధం అవుతుందట కదా?"

కాదు. ఎంత కట్టినా కాదు. ఈ పుకారు పుట్టించేది ఆ ప్లాట్లు అమ్ముకునే మధ్యవర్తులే.

2020 ఎల్‌ఆర్‌ఎస్ నిబంధనల ప్రకారం, 10 శాతం ఖాళీ స్థలం వదలని అనధికార వెంచర్లలో కొన్నవారు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జిగా అదనంగా కట్టాలి. అది లేని పార్కుకు పరిహారం, ఉన్న పార్కుకు ధర కాదు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పార్కు స్థలాన్ని గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పగిస్తారు. దాన్ని అమ్మే హక్కు వెంచర్ యజమానికి ఇక ఎక్కడిది?

ఆ మధ్య మిర్యాలగూడ వైపు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి భార్యతో కలిసి వచ్చారు. సేల్ డీడ్, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) అన్నీ జాగ్రత్తగా కవరులో పెట్టుకున్నారు. మంజూరైన ప్లాను తెప్పించి చూస్తే 48 తర్వాత 49 ఉంది. వారు కొన్న 48-ఎ లేదు. ఆ చోట ఉన్నది పార్కు. "మరి రిజిస్ట్రేషన్ ఎట్లా చేశారు సార్?" అని ఆమె అడుగుతుంటే నాకు గొంతు పెగల్లేదు. రిజిస్ట్రేషన్ లావాదేవీని నమోదు చేస్తుందంతే. అమ్మినవాడికి లేని హక్కును కొన్నవాడికి తెచ్చిపెట్టదు. ఇలా మోసపోయినవారు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గోడ కట్టే ఖర్చు మాత్రం పెట్టకండి, ముందు వకీలును కలవండి. ఇంకా కొననివారు అడ్వాన్సు ఇవ్వకముందే ఎల్‌పీ నంబరుతో (లేఅవుట్ అనుమతి సంఖ్య) మంజూరైన ప్లాను తీసుకుని, ప్లాటు నంబరు అందులో ఉందో లేదో చూసుకోండి.

"నిధులు రాలేదు, ఏళ్లుగా తుమ్మచెట్లే, కాబట్టి అది పార్కు కాదు" అనేది మరో వాదన. చెట్లు నాటకపోయినా అది పార్కు స్థలమే. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, 1991లో సుప్రీంకోర్టు చెల్లదని తేల్చింది.

మహబూబ్‌నగర్ ఎకో పార్కు పక్కన "అటవీ భూమి విడుదలైంది" అంటూ ప్లాట్లు చూపిస్తే నమ్మవద్దు. పార్కు చేసినంత మాత్రాన అడవి అడవి కాకుండా పోదు.

ఇక మీ ఊరి పార్కు, అంటే పల్లె ప్రకృతి వనం ఎండిపోతే "పైనుంచి డబ్బు రాలేదు" అని ఊరుకోకండి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే. ఆ లెక్క గ్రామసభలో అడగండి.