ఫోనులో ఒకటి పైన, కాలిక్యులేటర్‌లో అడుగున

మొబైల్ ఫోనులో నంబరు కొట్టే తెరను, అదే ఫోనులోని కాలిక్యులేటర్‌ను వెంటవెంటనే తెరిచి చూస్తే, మొదటిదానిలో 1, 2, 3 పై వరుసలోనూ, రెండవదానిలో అవే కింద మూడో వరుసలోనూ కనిపిస్తాయి. 4, 5, 6 వరుస మాత్రం రెండింటిలోనూ నడుమనే ఉంటుంది.

వీటిలో కాలిక్యులేటర్ అమరిక పాతది. 1880ల చివర అమెరికాలో డార్ ఫెల్ట్ తయారుచేసిన కాంప్టోమీటర్‌లో ఒకట్లకు, పదులకు, వందలకు వేర్వేరు నిలువు వరుసలుండేవి. ప్రతి వరుసలో అడుగున 1తో మొదలై పైన 9తో ముగిసే తొమ్మిది మీటలుండేవి. ఏ స్థానంలోనైనా మీట నొక్కకపోతే అక్కడ సున్నా ఉన్నట్టే కనుక సున్నాకు మీటే లేదు. అయితే ఎనిమిది స్థానాల యంత్రానికి 72 మీటలు కావలసివచ్చేవి. 1914లో ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో డేవిడ్ సండ్‌స్ట్రాండ్ పది మీటలతోనే పని జరిగే కూడికల యంత్రాన్ని రూపొందించినప్పుడు చూపు కాగితం మీదే ఉంచి ఒంటిచేత్తో కొట్టడం సాధ్యమైంది. అంకెలు అడుగు నుంచి పైకి పెరిగే పద్ధతి మాత్రం అందులోనూ మిగిలింది.

టెలిఫోను ఈ వంశానికి చెందినది కాదు. దాని పూర్వరూపం వేలితో తిప్పే డయలు. మీటల ఫోను ఆలోచన వచ్చాక అమెరికా టెలిఫోను సంస్థకు చెందిన పరిశోధన కేంద్రాలైన బెల్ ప్రయోగశాలలు మనుషులనే కూర్చోబెట్టి పరీక్షించాయి. ఖాళీ మీటలపై ఏ అంకె ఎక్కడ ఉంటుందని అనుకుంటారో అడిగి పరిశోధకులు లట్జ్, చపానిస్ 1955లో ప్రచురించిన అధ్యయనంలో, చాలామంది పుస్తకం చదివే క్రమంలోనే ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి అంకెలు వేశారు. ఆ తరువాత డైనింజర్ 1960లో ప్రకటించిన పరీక్షల్లో డయలు మాదిరి వలయం, ఐదేసి మీటల రెండు వరుసలు, కూడికల యంత్రపు అమరిక కూడా ఉన్నాయి. వాటి మధ్య తేడాలు స్వల్పమే. పైగా డయలుపై 2 దగ్గర ఏబీసీతో మొదలయ్యే అక్షరాలు అప్పటికే ఉన్నాయి. 7ను పైకి తెస్తే అక్షరమాల తలకిందులయ్యేది.

కూడికల యంత్రంపై చేయి తిరిగినవారి వేగాన్ని ఎక్స్ఛేంజి తట్టుకోలేదని, అందుకే వారిని నెమ్మదింపజేయడానికి అంకెలను తిరగేశారని ఒక కథ చలామణిలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, ఆ పరీక్షల్లో వేగాన్ని, తప్పులను కొలిచింది త్వరగా, సరిగా నొక్కగల అమరిక కోసమే.

1963 నవంబరు 18న పెన్సిల్వేనియాలోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ పట్టణాల్లో మీటల ఫోను వాడుకలోకి వచ్చింది. నక్షత్రం, హ్యాష్ మీటలు 1968లో చేరాయి. కంప్యూటర్ కీబోర్డు కుడిపక్కనున్న అంకెలు కూడికల యంత్రపు దారినే పట్టగా, ఏటీఎం ఫోనును అనుసరించింది. అందువల్ల బ్యాంకు లోపల క్యాషియర్ వేళ్ల కింద 7 పైన ఉంటే, గోడకు ఇవతల మనం పిన్ కొట్టేచోట 1 పైన ఉంటుంది.