‘వన్ వీక్’: ఆ వంకర ఇంటి వెనుక కథ

అమెరికాలో సియర్స్ కంపెనీ 1908 నుంచి ఇళ్లను కూడా కేటలాగ్‌లో పెట్టి అమ్మింది. బొమ్మ చూసి ఆర్డర్ ఇస్తే చాలు, సామానంతా రైలెక్కి వచ్చేది. ఎలా కట్టాలో చెప్పే పుస్తకం కూడా దాంతోపాటే వచ్చేది. ఇలాంటి రెడీమేడ్ ఇళ్ల మీద 1919లో ఫోర్డ్ మోటార్ కంపెనీ ‘హోమ్ మేడ్’ అనే చిన్న సినిమా తీసింది. మరుసటి ఏడాది హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ హీరోగా నటించి తీసిన రెండు రీళ్ల మూకీ ‘వన్ వీక్’కు ప్రేరణ అదే.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అంటాం కదా, ఇందులో పెళ్లి అయిన రోజే ఇల్లు మొదలవుతుంది. కొత్త దంపతులకు స్థలం, పెట్టెల్లో ఇల్లు కానుకగా వస్తాయి. పెళ్లికూతురు కాదన్న కుర్రాడు కసికొద్దీ పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. నంబర్ల ప్రకారమే కట్టుకుపోతే తయారైన ఇల్లు ఏ వైపు నుంచి చూసినా వంకరే. ఇక్కడే కీటన్ గొప్పతనం కనిపిస్తుంది. హీరో తెలివితక్కువవాడు కాదు, శ్రద్ధగా పనిచేసే మనిషి. తప్పు పెట్టెల మీది నంబర్లలో ఉంది. అందుకే మనం నవ్వుతూనే అతని పక్షాన నిలబడతాం. భార్యగా సిబిల్ సీలీ ఉత్త అలంకారం కాదు, అతనితో సమానంగా చాకిరీ చేస్తుంది.

కీటన్ చిన్నప్పటి నుంచీ తల్లిదండ్రులతో వాడెవిల్ (పాటలు, హాస్యం, విన్యాసాలు కలిపిన వినోద ప్రదర్శన) స్టేజీ మీద పడుతూ లేస్తూ పెరిగినవాడు. 1917లో అప్పటి హాస్యనటుడు, దర్శకుడు రోస్కో ఆర్బకిల్ దగ్గర సినిమా పని నేర్చాడు. 1920లో సొంతంగా తీసిన మొదటి చిత్రం ‘ది హై సైన్’ నచ్చక పక్కన పెట్టేసి, ఎడ్వర్డ్ క్లైన్‌తో కలిసి డైరెక్ట్ చేసిన ‘వన్ వీక్’ను ముందు విడుదల చేశాడు. ఆ నిర్ణయం ఎంత మంచిదో సినిమా చూస్తే తెలుస్తుంది.

పదమూడో తేదీ, శుక్రవారం, పాశ్చాత్యులకు అపశకునం. గృహప్రవేశం విందులో ఉండగా గాలివాన వస్తుంది. ఇల్లు గిర్రున తిరుగుతుంది. తిరిగే వేదిక మీద ఇల్లు నిజంగానే కట్టారు కాబట్టి గుమ్మంలోంచి ఎగిరిపడే మనుషులు నిజంగానే ఎగిరిపడుతున్నారు. తర్వాత కట్టింది వేరేవాళ్ల స్థలంలో అని తెలిసి, ఇంటిని లాక్కుంటూ పోతుంటే పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలొస్తుంది. దంపతులు కళ్లు మూసుకుంటారు. అది పక్క పట్టా మీదుగా వెళ్లిపోతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఎదురుదిశ నుంచి ఇంకో రైలు ఇంటిని తుక్కుతుక్కు చేస్తుంది. నమూనా బొమ్మలు వాడలేదు, గుద్దింది అసలు రైలే. ఈరోజు గ్రాఫిక్స్‌తో ఇంతకంటే పెద్ద విధ్వంసం చూపిస్తున్నారు కానీ, నాకు ఇంత టెన్షన్ ఎక్కడా కలగలేదు.

ఈ సినిమాను 2008లో భద్రపరచాల్సిన చిత్రాల జాబితా అయిన అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. గోడ కూలి మనిషి మీద పడుతున్నా, కిటికీ సందులో ఉండటంతో అతను క్షేమంగా మిగిలే ఆట 1919లో ఆర్బకిల్ ‘బ్యాక్ స్టేజ్’లో ఉంది, ఇందులోనూ ఉంది. 1928లో ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ కోసం కీటన్ దాన్నే మొత్తం ఇంటి ముందు గోడతో చేశాడు. కాస్త అటూ ఇటూ నిలబడి ఉంటే ప్రాణం పోయేది.