లెక్కలు చూసేవారికి డబ్బులిచ్చేది ఎవరు?

సెప్టెంబరు వస్తే ఒడిశా బరంపురంలోని తెలుగువాళ్ల బట్టల దుకాణాల్లో టెన్షన్ మొదలవుతుంది. ఆదాయపు పన్ను కోసం లెక్కల్ని ఆడిటర్‌తో తనిఖీ చేయించే టాక్స్ ఆడిట్‌కు మామూలుగా గడువు ఆ నెలాఖరుకే. బిల్లులు మూటగట్టి ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లినవాళ్లు ముందు ఫీజు దగ్గరే ఆగుతారు. "పక్క వీధిలో ఇంకా తక్కువకే చేస్తామన్నారండీ" అంటారు. ఆయన తగ్గిస్తారు. ఫీజు తగ్గితే ఓచర్లు చూసే రోజులూ తగ్గుతాయి. లెక్కలు చూసే మనిషిని ఎంచుకునేదీ, డబ్బిచ్చేదీ ఆ లెక్కల యజమానే కావడం దీనికంతటికీ మూలం.

ఈ ఏర్పాటు పాతదే. 1913 కంపెనీల చట్టం కింద ఆడిటర్లకు సర్టిఫికెట్లు మొదట్లో రాష్ట్ర ప్రభుత్వాలే ఇచ్చేవి. అప్పటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. 1949 జులై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ఏర్పడింది. పరీక్ష, లైసెన్సు, క్రమశిక్షణ అన్నీ వృత్తివారి చేతికే వచ్చాయి. మన దుకాణాలకు ఆడిట్ బాగా దగ్గరైంది మాత్రం 1984లో ఆదాయపు పన్ను చట్టంలో 44ఏబీ సెక్షన్ చేరాకే. అప్పట్లో వ్యాపారం 40 లక్షలు దాటితే ఆడిట్. తర్వాత ఆ హద్దు కోటికి పెరిగింది. నగదు లావాదేవీలు 5 శాతం మించకపోతే 10 కోట్లు. ఒక్కొక్కరు ఏడాదికి 60 టాక్స్ ఆడిట్లకు మించి చేయకూడదని ఐసీఏఐ పరిమితి పెట్టింది. నా దృష్టిలో నాణ్యతను నేరుగా కాపాడే నియమం ఇదే.

2009 జనవరి 7న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం అధినేత రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పిల్లల్ని హైదరాబాద్ ఐటీ ఉద్యోగాలకు పంపిన ఇళ్లకు అది దూరపు వార్త కాదు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే రాశారు. ఏళ్ల తరబడి ఆ లెక్కలపై సంతకం చేసింది ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకు నిల్వ ఎంతో బ్యాంకునే నేరుగా అడగడం ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే కుర్రాళ్లు మొదట్లోనే నేర్చుకునే పని. అందుకే ఆ తప్పును చిన్నదిగా చూడలేను. 2018లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థల మీద రెండేళ్ల నిషేధం పెడితే, 2019లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది.

2013 కంపెనీల చట్టం రొటేషన్ తెచ్చింది. లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో నమోదైన) కంపెనీలూ, మరికొన్ని పెద్ద కంపెనీలూ వ్యక్తిగత ఆడిటర్‌ను ఐదేళ్లకు, సంస్థను పదేళ్లకు మార్చాలి. 2018 అక్టోబరులో వృత్తికి బయటి నియంత్రణ సంస్థగా ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ వచ్చింది. దాని చూపు లిస్టెడ్, పెద్ద కంపెనీల మీదే. రొటేషన్‌తో ఆడిటర్ పేరు మారింది కానీ ఫీజిచ్చే చెయ్యి మారలేదు. అమెరికా కంపెనీ ఎన్రాన్ దొంగ లెక్కల గొడవలో 2002లో దాని ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ కూలాక ప్రపంచంలో పెద్ద సంస్థలు నాలుగే మిగిలాయి: డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ (ప్రైస్ వాటర్‌హౌస్ ఉన్నది దీనిలోనే). మన దేశంలోనూ పెద్ద కంపెనీల ఆడిట్లు ఎక్కువగా వాటితో ముడిపడ్డ సంస్థల మధ్యే చేతులు మారుతుంటాయి.

2024లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ మరో అడుగు వేసింది. అనుబంధ కంపెనీల లెక్కలు వేరేవాళ్లు చూసినా మొత్తం గ్రూపు బాధ్యత ప్రధాన ఆడిటర్‌దేనని ఆడిట్ ప్రమాణాన్ని సవరించబోయింది. అలాగైతే పెద్ద సంస్థలు ఆ పని కూడా తమ దగ్గరే ఉంచుకుంటాయని ఐసీఏఐ వ్యతిరేకించింది. బరంపురం, జయపురం లాంటి ఊళ్ల చిన్న ఆఫీసులకు పెద్ద గ్రూపుల పని అందేదంటూ ఉంటే అది అలాంటి అనుబంధ కంపెనీల ద్వారానే. అదీ పోతే వాళ్లకు మిగిలేది సెప్టెంబరు బేరమే.